గుడ్డి బటను

చేతికి కట్టు కట్టకముందే బటనుకున్న కట్టు విప్పాడు తొందరయ్య. ఈ సంగతి ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన పెద్దమనుషులూ, వాళ్ళ టోపీలూ, బ్యానర్లూ, బిస్కట్లూ అన్నీ ఈ ఒక్క సంగతిని కప్పిపెట్టడానికే వచ్చాయి.

డబ్బాల మూతలు కొట్టే షెడ్డు అది. రేకుల కప్పు కింద పన్నెండు ప్రెస్సులు, వాటి మీద పన్నెండుమంది ఆడవాళ్ళు. పొద్దున మోత మొదలైందంటే పక్కమనిషి మాట కాదుగదా, మనసులో అనుకున్నది కూడా వినబడదు. అంత మోతలోనూ ఆ రోజు కేక వినబడింది. మూతలక్క తన మిషను వదిలేసి పక్క మిషను దగ్గరికి ఒక్క దూకు దూకింది. అక్కడున్నది ఆమె సొంత చెల్లెలు. పిల్ల తన ఎడమచెయ్యి ఎత్తి పట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూసుకుంటోంది. బొటనవేలు లేదు. దాని పక్క రెండు వేళ్ళూ లేవు.

"అక్కా, నా వేళ్ళేవే?" అంది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. పొద్దస్తమానం "తొందరగా, తొందరగా" అని అరుస్తాడు గనక వాడికి తొందరయ్యని పేరు. వచ్చినవాడు పిల్ల వంక చూళ్ళేదు. జేబులోంచి బ్లేడు తీశాడు. మిషను ఎడమ బటనుకి చుట్టి ఉన్న గుడ్డపీలికని పరపరా కోశాడు. ఉండచుట్టి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. అప్పుడు తిరిగి, "చూస్తారేం! ఎవరన్నా గుడ్డ తేండి, కట్టు కట్టాలి!" అని కేకలేశాడు. గుడ్డ వాడి జేబులోనే ఉంది.

ఆ గుడ్డ కథ చెప్పాలి. ప్రెస్సుకి రెండు బటన్లుంటాయి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న దిమ్మ కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే అచ్చులో చెయ్యి ఉండదు, లేని చెయ్యి తెగదు. మిషను తయారుచేసినవాడికి ఆ మాత్రం బుద్ధుంది, నడిపించేవాడికే లేదు. రెండు చేతులూ బటన్ల మీద పెట్టుక్కూచుంటే రేకెవరు తోస్తారు, మూతెవరు తీస్తారు, వాడి టార్గెట్టు ఎలా అవుతుంది? అందుకని ఎడమ బటనుని నొక్కిపట్టి గుడ్డతో బిగించేస్తారు. ఇక కుడిచేత్తో కొట్టడం, ఎడమచేత్తో తోయడం, తీయడం. గుడ్డ కట్టిన బటను గనక గుడ్డి బటను. కొత్తగా చేరినవాళ్ళకి మిషను నడపడం తర్వాత నేర్పుతారు. ముందు నేర్పేది గుడ్డి బటను కట్టడం.

చెల్లెలికి నేర్పిందెవరనుకున్నారు? మూతలక్కే. చిన్నప్పుడు ఇద్దరూ కప్పుకుని పడుకున్న దుప్పటి అంచు చించి తెచ్చింది. "మెత్తగుంటుంది, జారదు" అంటూ తన చేత్తో తనే కట్టింది.

మూతలక్కకి ఆ పేరు రెండు విధాలా తగింది. మూతలు కొట్టడంలో షెడ్డుకే పెద్ద చెయ్యి ఆమెది. నోటికి మూత పెట్టుకోవడంలోనూ ఆమెని మించినవాళ్ళు లేరు. తిడితే తల వంచుకునేది, మెచ్చుకున్నా తలే వంచుకునేది. "నీ నోట్లో నాలుకుందో లేదో ఒకసారి తెరువు, చూస్తాను" అని రంపం పిన్ని వెక్కిరించేది. రంపం పిన్నిది పెద్ద రేకుల్ని ముక్కలు కోసే మిషను. పిన్ని నోటికీ ఆ మిషనుకీ పందెం పెడితే మిషనే ఓడిపోతుంది.

*

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని సామెత. వీళ్ళు చేతులు తెగాక టోపీలు పట్టుకొచ్చారు.

ఎక్కడో ఒక పెద్ద ఫౌండేషను ఉందట. కార్మికుల హక్కుల గురించీ పనిచోట భద్రత గురించీ జనంలోకి వెళ్ళి చెప్పండని ఒక సంస్థకి గ్రాంటు ఇచ్చిందట. ఆ గ్రాంటు నడుచుకుంటూ నడుచుకుంటూ వచ్చి, పాపం, మన షెడ్డులో కాలు పెట్టింది. ఆసుపత్రిలో పిల్ల చేతికి ఇంకా కుట్లు విప్పనేలేదు. ఇక్కడ బ్యానరు కట్టేశారు. 'నా భద్రత నా బాధ్యత' అని బారెడేసి అక్షరాలు. బ్యానరు తాళ్ళు సరిగ్గా ఆ పిల్ల మిషనుకే కట్టారు. దాని మీద మనిషి లేదుగా, తీరిగ్గా ఉంది.

వచ్చినావిడ్ని అందరూ ప్రాజెక్టు మేడం అన్నారు. తియ్యగా మాట్లాడుతుంది. ప్రతి మాట చివరా "అమ్మా" అంటుంది. చేతిలో బొమ్మల పుస్తకం. పక్కన కంపెనీ మేనేజరు, ఇస్త్రీ బాబు. ఎప్పుడు చూసినా ఇప్పుడే పెట్టెలోంచి తీసిన చొక్కాలా ఉంటాడు, లోపలి మనిషి కూడా అంతే, మడత చెదరదు.

"ఈ చేతులు ఎవరివమ్మా?" అనడిగింది మేడం తన చేతులు రెండూ ఎత్తి.

"మీవేనండి" అంది పిన్ని.

అంతా నవ్వారు. మేడం కూడా నవ్వింది. "అది కాదమ్మా. మీ చేతులు ఎవరివి? మీవే కదా? మరి వాటిని కాపాడుకోవాల్సింది ఎవరు?"

"చేతులు మావే. చేతి పక్కనున్న బటను కంపెనీది. దానికి గుడ్డ కట్టకపోతే గేటు బయటికి పొమ్మంటారు. అది ఎవరి బాధ్యతో ఆ బ్యానరు మీద రాయలేదేం?"

మేడం ఇస్త్రీ బాబు వంక చూసింది. ఇస్త్రీ బాబు ఫ్యాను వంక చూశాడు. "అది మా ప్రాజెక్టు పరిధిలోకి రాదమ్మా. మేము అవగాహన వరకే."

"పరిధంటే?"

"అంటే... మా పని ఇంతవరకూ అని ఒక గీత అనుకోండి."

"ఆ గీతేదో కాస్త ముగ్గుపిండితో గీయించండి మేడం, తొక్కకుండా నడుస్తాం" అంది పిన్ని.

"పోనీ హక్కుల గురించి చెప్తారా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు. హక్కుల పేజీ పుస్తకంలో ఉంది. దానికి ముందు పేజీతో కలిపి క్లిప్పు పెట్టేసి ఉంది. ఆ క్లిప్పు ఎవరు పెట్టమన్నారో అడగక్కర్లేదు. ఇస్త్రీ బాబు చొక్కాజేబుకి అలాంటివే ఇంకో రెండు వేలాడుతున్నాయి.

చివర్లో హాజరు పట్టీ వచ్చింది. పేర్లన్నీ కంపెనీ ముందే రాసిచ్చింది. తేదీ గడి మాత్రం ఖాళీ. పిన్ని కలం అందుకోబోతే మేడం గబుక్కున సిరా పెట్టె ముందుకు తోసింది.

"సంతకాలొద్దమ్మా. వేలిముద్రలు వెయ్యండి. మా ప్రాజెక్టు చదువురాని కార్మికుల కోసం. సంతకాలు కనబడితే పైవాళ్ళు ప్రశ్నలేస్తారు."

"నేను తొమ్మిదో తరగతి దాకా చదివానండి."

"ఈ ఒక్కపూటకీ మర్చిపోమ్మా, ఏం పోయింది?"

చదువు నేర్పడానికి సొమ్మిచ్చేవాళ్ళని విన్నాం. చదువు మరిచిపోవడానికి ఇచ్చేవాళ్ళని చూడ్డం ఇదే మొదలు!

మూతలక్క వంతు వచ్చింది. ఎడమ బొటనవేలు అద్దింది. "ఇదేమిటి, మధ్యలో అడ్డంగా గీత పడుతోంది?" అంది మేడం. పాత గాటండీ, కొత్తల్లో రేకంచు కోసింది అని గొణిగింది మూతలక్క. మేడం వినలేదు, కింది గడి చూపిస్తోంది. "ఈ మనిషేదీ?"

"మా చెల్లెలండి. ఆసుపత్రిలో ఉంది."

"అయ్యయ్యో. ఖాళీ ఉంటే బాగుండదమ్మా. నువ్వే వేసెయ్. అందరికీ ఇచ్చే సంచి ఆమెది కూడా నువ్వే తీసుకెళ్ళు."

సంచి మీద ఎర్రటి ప్లస్ గుర్తుంది. అందులో గాయానికి మందేదో ఉంటుందనుకుంది మూతలక్క. ఆ ఆశతోనే వేసింది ముద్ర. చెల్లెలి పేరు పక్కన తన వేలు, తన గాటు.

ఆసుపత్రిలో విప్పి చూస్తే ఏముంది? ఒక టోపీ, ఒక కరపత్రం, ఒక గ్లౌజుల జత. చెల్లెలు ఎడమ గ్లౌజు తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "అక్కా, ఇందులో మూడు గదులు ఖాళీగా ఉన్నాయే. అద్దెకిద్దామా?" అంది. మూతలక్క నవ్వలేక, ఏడవలేక, మంచినీళ్ళు తెస్తానని చెప్పి వరండాలోకి పోయి నిలబడింది.

షెడ్డులో మాత్రం పిన్ని టోపీ పెట్టుకుని అటూ ఇటూ తిరిగింది. "జనానికి చాటుగా టోపీ పెట్టేవాళ్ళని చూశాను గాని, లైన్లో నిలబెట్టి ఫొటో తీసి మరీ పెట్టేవాళ్ళని వీళ్ళనే చూశానమ్మా!" ఆ రోజునుంచి 'పరిధి' కూడా షెడ్డు మాటైపోయింది. తాగేనీళ్ళ డ్రమ్ము నింపమంటే "నా పరిధిలో లేదు". టీ తెమ్మంటే "నా పరిధి కాదు, అవగాహన వరకే".

*

నవ్వులు ఎన్నాళ్ళు? నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. 'భద్రతా శిక్షణ పొంది కూడా సొంత నిర్లక్ష్యంతో చెయ్యి పోగొట్టుకున్నందున' చెల్లెల్ని పనిలోంచి తీసేశారు. వైద్యం కంపెనీ బాధ్యత కాదన్నారు. డాక్టరేమో ఇంకో ఆపరేషను చెయ్యాలన్నాడు. చెయ్యకపోతే మిగిలిన ఆ రెండు వేళ్ళూ కర్రల్లా బిగుసుకుపోతాయట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అక్కాచెల్లెళ్ళిద్దరూ లేబరాఫీసరు గదికి వెళ్ళారు. గదినిండా ఫైళ్ళు, ఫైళ్ళ మీద దుమ్ము, దుమ్ములో ఆఫీసరు. ఎదురుగా ఇస్త్రీ బాబు, వెనకాల తొందరయ్య. బల్ల మీద హాజరు పట్టీ. ఆ రోజు ఖాళీగా ఉన్న తేదీ గడిలో ఇప్పుడు తేదీ ఉంది. ప్రమాదానికి సరిగ్గా వారం ముందుది.

"శిక్షణ ముందే ఇచ్చాం సార్. ఇదిగో ఆమె వేలిముద్ర" అన్నాడు ఇస్త్రీ బాబు.

"నేను పదో తరగతి పాసయ్యాను సార్. నాకు సంతకం వచ్చు. వేలిముద్ర నేనెందుకు వేస్తాను?" అంది చెల్లెలు.

"మీ షెడ్డంతా వేలిముద్రలే వేసిందిగా" అన్నాడు ఆఫీసరు పట్టీ తిప్పుతూ. "సరే, పోల్చి చూద్దాం. ఎడమ బొటనవేలు చూపించు."

చెల్లెలు చెయ్యి బల్ల మీద పెట్టింది. ఆఫీసరు తడబడ్డాడు. ఇస్త్రీ బాబు మాత్రం గొంతు సవరించుకున్నాడు. "పోల్చాలంటే వేలుండాలి కదా సార్" అన్నాడు. అలా అన్నాడు, నోరు పడిపోలేదు వాడికి! పైగా వెనకనుంచి తొందరయ్య కిసుక్కున నవ్వాడు.

మూతలక్క ఆ పట్టీ చూసింది. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. పైగడిలో తన పేరు పక్కన అదే గీత. ఆ వేలు నాది అని ఒక్కమాటంటే అయిపోయేది. అంటే దొంగముద్ర వేశావంటారు, ఉద్యోగం పోతుంది, ఇంట్లో పొయ్యి వెలిగేది ఇప్పుడు ఆమె ఒక్కదాని జీతంతోనే. వేలు పిడికిట్లో దాచుకుంది. చెల్లెలు ఆమె మొహంలోకే చూస్తోంది. మూతలక్క తల వంచుకుంది. మూత లేవలేదు.

"పై వారం తేలుస్తాను" అని ఫైలు మూసేశాడు ఆఫీసరు.

ఇంటికొచ్చాక గడప మీద కూలబడి ఏడ్చింది మూతలక్క. "నేనే పాపిష్టిదాన్ని. ఆ ముద్ర నేనే వేశానే."

"తెలుసు" అంది చెల్లెలు.

"తెలుసా?"

"ఆ వేలు పట్టుకునే కదే బడికెళ్ళాను. ఆ గాటు నాకు తెలీదా? అక్కడ నువ్వే చెప్తావని చూశాను. నీ నోటివంకే చూస్తూ నిలబడ్డాను." పిల్ల పక్కనే గడప మీద కూచుంది. "గుడ్డా నువ్వే కట్టావు, ముద్రా నువ్వే వేశావు. ఇంక నాకేం మిగిల్చావే?"

మూతలక్క తల బాదుకోబోతే చెల్లెలు మంచి చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏడుపెందుకు, ఏడుపుతో వేళ్ళు మొలుస్తాయా? నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినచోట చెప్పు" అంది.

*

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ, షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర అందరూ డబ్బాలు విప్పుకుంటుంటే మూతలక్క లేచి నిలబడింది. ఆవిడ నిలబడ్డమే వింత. అంతా నమలడం ఆపారు. ముందు ముద్ర సంగతి చెప్పింది. తర్వాత గుడ్డ సంగతి చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి, డ్రమ్ములో నీళ్ళు ముంచుకు తాగి మరీ చెప్పింది.

అప్పుడు అచ్చుల మావయ్య దగ్గాడు. మిషన్లకి అచ్చులు బిగించే ముసలాయన, భయస్థుడు, నీడని చూసినా నమస్కారం పెట్టే రకం.

"నేనూ వేశాను" అన్నాడు. "పోయినేడు చచ్చిపోయాడే వాచ్‌మన్, వాడి పేరింకా పట్టీలో ఉంది. వాడికీ ముద్ర వెయ్యమంది మేడం. వేసి, వాడి టోపీ నేను తెచ్చుకున్నాను."

"చచ్చినవాడిక్కూడా టోపీ పెట్టారా!" అంది పిన్ని. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిన్నే మెల్లిగా, "నేను రెండేశాను. మానేసిపోయిన పిల్లలవి" అంది. ఒక్కొక్కరే మొదలెట్టారు. పురిటికి వెళ్ళినదాని పేరున ఒకరు, జ్వరంతో రానివాడి పేరున ఒకరు. బిస్కట్ల కోసం ఒకరు, సంచి కోసం ఒకరు, ఊరికే మేడం తియ్యగా అడిగిందని ఒకరు. ఇంత చవగ్గా అమ్ముడుపోయామా అని ఎవరి వేలు వాళ్ళు చూసుకున్నారు.

"చెప్తే కేసవుతుందమ్మా" అన్నాడు మావయ్య. "దొంగముద్ర. జైలు."

"ఒక్కరు చెప్తే కేసు. అందరం చెప్తే?"

"అందరం చెప్తే ఏమవుతుంది?"

"వ్యానులో పట్టం" అంది పిన్ని.

మూతలక్క ఇంకా నిలబడే ఉంది. "ముద్ర సంగతి సరే. గుడ్డ నేనే కట్టానుగా పిన్నీ. ఆ పాపం ఎక్కడికి పోతుంది?"

"నీకెవరు కట్టారే?"

"నువ్వే."

"నాకు మా అత్త కట్టింది. ఆవిడకి ఇంకెవరో కట్టారు. వాడు కట్టాడా ఎప్పుడన్నా? ఆ తొందరయ్య ఒక్కసారన్నా తన చేత్తో ఒక ముడి వేశాడా? విప్పడానికి మాత్రం బ్లేడు జేబులో పెట్టుక్కూచున్నాడు! మన గుడ్డ, మన చెయ్యి, మన పిల్ల. టార్గెట్టు ఒక్కటే వాడిది. అక్క చేత చెల్లికి కట్టించాడు చూడు, అక్కడుందే వాడి తెలివంతా!"

పిన్ని అలా అరుస్తుంటే మూతలక్కకి ఏదో అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ ముడి తన మెడకి చుట్టుకుని ఉంది. దాని రెండో కొస ఎవరి చేతిలో ఉందో ఇప్పుడు కనబడింది. డబ్బా మూత పెట్టేసి, "అయితే వినండి" అంది.

*

గ్రాంటిచ్చిన పెద్దలు తామిచ్చిన గ్రాంటు ఎంత బాగా పండిందో కళ్ళారా చూద్దామని ఆ వారంలోనే వచ్చారు. షెడ్డంతా కడిగారు. మిషన్ల ముందు వేదిక కట్టారు. ఫౌండేషను నుంచి ఒక పెద్దాయన, ఒక పెద్దావిడ. వాళ్ళ పక్కన లేబరాఫీసరు, ముఖ్య అతిథట! మొన్న ఫైలు మూసినవాడు ఇవాళ పూలగుత్తి పట్టుకున్నాడు. అందరి నెత్తినా టోపీలు, ఇస్త్రీ బాబు నెత్తిన కూడా. మారిన కార్మికురాలిగా నాలుగు మాటలు చదవడానికి ప్రాజెక్టు మేడం ఏరికోరి ఎవర్ని ఎంచుకుందో తెలుసా? మూతలక్కని. "నెమ్మదస్తురాలు, ఇచ్చింది చదువుతుంది" అందట. చదువురానిదాని చేత కాగితం ఎలా చదివిస్తుందో ఆవిడకే తెలియాలి.

మూతలక్క మైకు దగ్గరికి వెళ్ళింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఎడమచెయ్యి ఎత్తింది.

"ఈ వేలు నాది. మా చెల్లెలి పేరు పక్కన ఉన్న ముద్ర ఈ వేలిదే. చూడండి ఆఫీసరు గారూ, గాటు అడ్డంగా ఉంటుంది. శిక్షణ జరిగింది మా చెల్లెలి చెయ్యి తెగిన పది రోజులకి. తేదీ వేసింది తెగడానికి వారం ముందుది. నేను వేసింది దొంగముద్ర, ఒప్పుకుంటున్నాను. దొంగతేదీ ఎవరు వేశారో వాళ్ళూ ఒప్పుకోవాలి."

"మైకు! మైకు కట్టెయ్!" అని తొందరయ్య ఉరికాడు. మైకు పోయింది. ఇరవయ్యేళ్ళు ప్రెస్సుల మోతలో బతికిన గొంతుకి మైకెందుకు?

"నేనూ వేశాను!" పిన్ని లేచింది. "నేను!" "నేనూ!" షెడ్డంతా బొటనవేళ్ళు లేచాయి. అచ్చుల మావయ్య రెండు చేతులూ ఎత్తేశాడు. "చచ్చినవాడిది నేనే వేశానయ్యా, చచ్చినవాడిది!" అని అరిచాడు. జన్మలో ఆయన అంత గట్టిగా మాట్లాడి ఉండడు. ఫౌండేషను పెద్దావిడ మేడం చెవిలో, "ఇది కార్యక్రమంలో ఉందా?" అని అడిగింది. మేడం తన బొమ్మల పుస్తకం గబగబా తిరగేసింది.

మిగిలిన పదకొండుమందీ తమ మిషన్ల దగ్గరికి వెళ్ళారు. ముడులు విప్పారు. ఒక్కొక్కరే వచ్చి ఆ పీలికల్ని పెద్దల ముందు, మంచినీళ్ళ సీసాల పక్కన పడేశారు. నూనె మరకలు, పాత రంగులు, ఎవరి చీరముక్కో, ఎవరి పిల్లాడి చొక్కాయో. "మీ పరిధిలోకి రానివి ఇవేనండి" అంది పిన్ని.

మూతలక్క మాత్రం తన పీలిక పడెయ్యలేదు. బ్యానరు కట్టిన మిషను ఎడమ బటనుకి బిగించింది. దాని స్విచ్చి వేసింది. ఎడమ బటను గుడ్డిది. కుడి బటను మీద తను చెయ్యి పెట్టింది.

"మేనేజరు బాబూ, ఇలా రండి. ఒక్క మూత. కొట్టేది నేను, తీసేది మీరు. మా చెల్లెలు రోజంతా చేసిన పనే."

ఇస్త్రీ బాబు కదల్లేదు. కదల్లేదు గాని, చేతులు రెండూ వాటంతటవే వెళ్ళి ప్యాంటు జేబుల్లో దూరాయి. షెడ్డంతా చూసింది. పెద్దలిద్దరూ చూశారు. ఆఫీసరు తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు.

"భయమెందుకు బాబూ? టోపీ పెట్టుకున్నారుగా!"

ఎవరో ఈల వేశారు. మూతలక్క స్విచ్చి ఆపింది. పెద్దల వైపు తిరిగింది. "చూశారా అమ్మా? సారుకి అవగాహన ఉంది. గుడ్డి బటను చెయ్యి తింటుందని ఆయనకి మాకన్నా ముందే తెలుసు. తెలిసే మమ్మల్ని కూచోబెట్టాడు. మాకు అవగాహన తక్కువై కాదు తెగింది. రెండు బటన్లకీ చూపొచ్చేదాకా, మా చెల్లెలి చేతికి ఆపరేషనయ్యేదాకా ఈ షెడ్డులో మూత పడదు."

"పడదు!" అంది షెడ్డు.

*

పోలీసులు రావడానికి అరగంట కూడా పట్టలేదు. పిల్ల చెయ్యి తెగిన రోజు అంబులెన్సుకి గంటన్నర పట్టింది. దొంగముద్ర వేసినవాళ్ళెవరని జమాదారు అడిగితే మళ్ళీ అన్ని బొటనవేళ్ళూ లేచాయి. వ్యాను చూశాడు, జనాన్ని చూశాడు, తలగోక్కున్నాడు. ఆఖరికి మూతలక్కనీ పిన్నినీ అచ్చుల మావయ్యనీ ఎక్కించుకుని పోయాడు.

స్టేషన్లో రైటరు ఏదో రాసి, కాగితంతోపాటు సిరా పెట్టె మూతలక్క ముందుకు తోశాడు. "ఇక్కడ వేలెయ్."

"వెయ్యను."

"ఏం?"

"ఇంక ఈ వేలు ఎవరికీ ఇవ్వను. ముందు కాగితం ఇవ్వండి, చదువుకుంటాను. నిజమైతే సంతకం చేస్తాను."

ఇన్‌స్పెక్టరు లోపలినుంచి విసుగ్గా తొంగిచూసేసరికి వీధిలోంచి ఒక కానిస్టేబులు రొప్పుతూ వచ్చాడు. "సార్, రోడ్డవతల సీసాల షెడ్డులో కూడా మిషన్లు ఆగిపోయాయి. దాని పక్క గిన్నెల షెడ్డులోనూ. ఆడవాళ్ళు గుడ్డపీలికలు కోసి గేటుకి కడుతున్నారు."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"చెయ్యి తెగిన పిల్ల సార్. బ్యానరు లేదు, మైకు లేదు. గేటు ముందు నిలబడి ఆ చెయ్యి పైకెత్తి చూపిస్తోంది, అంతే. పనివాళ్ళు బయటికొచ్చేస్తున్నారు."

ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దాడు. "మూతల షెడ్డు గొడవకీ గిన్నెల షెడ్డుకీ ఏం సంబంధం?"

మూతలక్క కాగితం మీదనుంచి తలెత్తింది. ఈసారి వంచలేదు.

"మా పరిధి పెరిగింది సారూ" అంది.